నాలుగో అంతస్తు నీళ్ళు, మూడో అంతస్తు గోడ: మాస్టారికి, టీచరమ్మ గారికి, మేస్త్రికి కృతజ్ఞతలు

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు వాళ్ళకీ నాలుగో అంతస్తు వాళ్ళకీ మధ్య నెలల తరబడి నలిగిన లీకేజీ గొడవ పోయిన ఆదివారం, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక రెండోసారి నీళ్ళు నిలిపి చూసిన పరీక్షతో తీరిపోయింది. తీర్చినవాళ్ళు ముగ్గురు: మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఆయన భార్య టీచరమ్మ గారు, మన ప్లంబింగ్ మేస్త్రి. సంఘం కమిటీ తరఫున ముగ్గురికీ నమస్కారాలు. శాలువాలు కప్పి ఫొటో పెడదామంటే మాస్టారు ఒప్పుకోలేదు. "ఎలా చేశామో రాసి పెట్టండి, ఇంకో బిల్డింగు వాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. అందుకే ఇందులో పొగడ్త తక్కువ, పద్ధతి ఎక్కువ. రెండు కుటుంబాలూ చదివి సరేనన్నాకే పెడుతున్నాం.

ముందుగా వాళ్ళు గొడవని వాట్సాప్ గ్రూపులోంచి బయటికి తీశారు. చెమ్మెక్కిన గోడ ఫొటో గ్రూపులో పడితే బిల్డింగంతా చూస్తుంది. నలుగురి ముందు ఎవరూ తగ్గరు. ఎవరో దణ్ణం బొమ్మ పెడతారు, ఇంకెవరో బొటనవేలు పెడతారు, ఇక ఎవరు ఎవరి వైపో లెక్కలు మొదలు. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేద్దామని మేం అన్నాం. మాస్టారు వద్దన్నారు. అలా చేస్తే చివరి మెసేజ్ పెట్టినవాళ్ళ మాటే నిలిచిపోతుంది, రెండోవాళ్ళ నోరు నొక్కినట్టవుతుంది. బదులుగా ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, "పది రోజులు దీని గురించి గ్రూపులో రాయొద్దు, మూడో మనిషి రాసినా జవాబివ్వొద్దు" అని అడిగారు. ఇద్దరితోనూ అవే ముక్కలు, అదే వరుసలో. తర్వాత ఇద్దరూ పోల్చి చూసుకుంటారని ఆయనకి తెలుసు.

ఆ తర్వాత ఇద్దరినీ వెంటనే ఒకచోట కూర్చోబెట్టలేదు. పెద్దమనుషులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకరి గోడు ఇంకొకరు వినకముందే ఎదురెదురుగా కూర్చోబెడితే జరిగేది వాదులాటే. శనివారం టిఫిన్ల వేళ దాటాక కిందింటికి వెళ్ళి గంటసేపు కూర్చున్నారు. అదే రోజు, భోజనాల లోపే, పైఇంటికి కూడా వెళ్ళారు. రేపటికి వాయిదా వేస్తే "రాత్రికి రాత్రి వాళ్ళతో ఏం మాట్లాడుకున్నారో" అన్న అనుమానం పుడుతుంది. సాయంత్రాలు అసలు పెట్టుకోలేదు. పిల్లల చదువు, వంట, అలసట అన్నీ అప్పుడే.

టీచరమ్మ గారి నియమం ఒకటుంది. మొదటి ఇరవై నిమిషాలు సలహా ఇవ్వకూడదు. "ఇంత చిన్న విషయానికా" అనకూడదు, "వాళ్ళు మంచివాళ్ళేనమ్మా" అని అసలే అనకూడదు. వినేవాళ్ళకి ఆ మాట వకాల్తా పుచ్చుకున్నట్టే ఉంటుంది. విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో అడగాలి. అంతే. కిందింటావిడ రంగు పాడైంది, పెచ్చులు ఊడుతున్నాయి అని పావుగంట చెప్పారు. మధ్యలో ఒక్కసారి "అది పూజగది గోడండీ" అన్నారు. టీచరమ్మ గారు ఆ ముక్క దగ్గర ఆగారు. "అంటే పెచ్చులూడటం కంటే, అవి ఏ నీళ్ళో అన్నదే మీకు కష్టంగా ఉంది, అంతేనామ్మా?" అన్నారు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి కాఫీ తెచ్చారు. ఆ రోజు నుంచి ఆవిడ గొంతు తగ్గింది. రంగు డబ్బులు ఇచ్చేస్తామని అంతకుముందు ఎవరెన్నిసార్లు చెప్పినా ఎందుకు దిగిరాలేదో మాకప్పుడు తెలిసింది.

పైఇంటి సంగతి వేరు. వాళ్ళు అద్దెకున్నవాళ్ళు. ఓనరు డల్లాస్‌లో ఉంటారు. టైల్స్ పగలగొట్టించే అధికారం వీళ్ళకి లేదు, పగలగొడితే అడ్వాన్సులో కోస్తారని భయం. తెల్లవారుజామున కిందింటాయన కాలింగ్ బెల్ కొట్టి "మీ ఇంట్లో స్నానాలెక్కువ" అన్న మాట వీళ్ళింట్లో ముసలావిడకి తగిలింది. చేతిలో లేని పనికి ఇన్నాళ్ళూ మాటలు పడ్డారు. కమిటీ లెటర్‌హెడ్ మీద "తక్షణమే" అంటూ నోటీసు పంపింది కూడా వీళ్ళకే, ఓనరుకి కాదు. ఇలాంటి గొడవల్లో మొదట తేల్చుకోవాల్సింది, పని చేయించగలవాళ్ళతోనే మాట్లాడుతున్నామా అన్నది.

మాట తీరు గురించి మాస్టారు పెట్టిన కట్టుబాట్లు కొన్ని రాస్తాం. "ఎప్పుడూ", "మీవాళ్ళంతా" అన్న మాటలు వాడకూడదు. "ఎప్పుడూ ఇంతే" అంటే అవతలివాళ్ళు ఇంతేకాని రోజొకటి వెతికి చూపిస్తారు, అసలు విషయం పక్కకిపోతుంది. "మీరు" జారి "నువ్వు" అయిందంటే మాట ఆపేయాల్సిందే. మంచినీళ్ళు తాగి, కనీసం ఇరవై నిమిషాలు విడిగా కూర్చోవాలి. అయిదు నిమిషాలు చాలవు, ఒంట్లో వేడి దిగదు. "శాంతంగా ఉండండి" అని చెప్పకూడదు, అది అగ్గికి గాలే. చెప్పేవాళ్ళే గొంతు తగ్గించి, కూర్చుని, నెమ్మదిగా మాట్లాడితే ఎదుటివాళ్ళ గొంతూ దిగుతుంది. ఫిర్యాదు వాక్యాన్ని కూడా ఆయనే దిద్దారు, పరీక్ష పేపరు దిద్దినట్టు. "మీ బాత్రూమ్ వల్ల మా ఇల్లు నాశనమైంది" అన్నదాన్ని "పూజగది గోడకి పైనుంచి రెండడుగుల మేర తడి వచ్చింది, పెచ్చులు రాలుతున్నాయి, నీళ్ళు ఎక్కడివో కలిసి చూద్దాం" అని మార్చారు. మొదటి వాక్యానికి జవాబు "మాది కాదు" ఒక్కటే. రెండోదానికి జవాబు "ఎప్పుడొస్తారు?"

అక్కడ మేస్త్రి వచ్చాడు. నిజానికి సగం గొడవ తీర్చింది ఇతనే. "ఎవరిది తప్పు" అన్న ప్రశ్నని "ఎక్కడి నీళ్ళు" చేసేశాడు. తడి అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, టైము వేశాడు. రెండు ఇళ్ళ నుంచీ ఒక్కొక్కరు అక్కడే ఉండి ఎవరి ఫోనులో వాళ్ళు ఫొటో తీసుకున్నారు. తర్వాత మూడు పరీక్షలు. మొదటిది: వాల్వ్ తెరిచే ఉంచి, బాత్రూమ్‌కి రెండు రోజులు తాళం. వాడకపోయినా తడి గీత దాటితే నీళ్ళు వచ్చే పైపులో లోపం. దాటలేదు. రెండోది: నేల తడవకుండా పైపు పెట్టి నహానీ ట్రాప్‌లోకే (బాత్రూమ్ నేల మీది నీళ్ళు పోయే జాలీ రంధ్రం) పది బకెట్లు వదిలి, ఒక రోజు ఆగడం. తడి పెరిగితే నీళ్ళు పోయే పైపులో లోపం. అదీ కాదు. మూడోది: గుడ్డని పాలిథీన్‌లో చుట్టి ట్రాప్ మూసి, గడప దాటకుండా అంగుళం లోతు నీళ్ళు నిలిపి, అందులో బట్టల నీలిమందు కలిపి 24 గంటలు ఉంచడం. మర్నాడు తడి గీతకి రెండంగుళాలు బయటికి వచ్చింది. అంటే నేలలోంచే దిగుతోంది. కింద నీలం కనబడలేదు. "చూశారా, మా నీళ్ళు కాదు" అని పైవాళ్ళు అనబోతే మేస్త్రి ముందే చెప్పేశాడు: సిమెంటులోంచి దిగేటప్పుడు రంగు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, చూడాల్సింది తడి కదలిక. పరీక్షకీ పరీక్షకీ మధ్య ఒక రోజు వదలాలి. శ్లాబులోంచి నీళ్ళు దిగడానికి గంటలు పడుతుంది. మూడూ ఒకే రోజు చేస్తే ఏ నీళ్ళు ఎక్కడివో తేలదు, మళ్ళీ కొట్లాటే.

ఫలితం కళ్ళముందు ఉన్నాక కలిసి కూర్చోవడం తేలికైంది. మన పొద్దున ఏడున్నర అంటే డల్లాస్‌లో ఎండాకాలపు టైములో రాత్రి తొమ్మిది. ఆ టైముకి మాస్టారి హాల్లో అందరూ కూర్చుని ఓనరుకి వీడియో కాల్ చేశారు. కుర్చీలు ఎదురెదురుగా వేయలేదు. బల్లకి రెండు పక్కలా వేసి, మధ్యలో ఫొటోలు, మేస్త్రి లెక్క పెట్టారు. మొదట మాట్లాడింది కిందింటాయన. "పొద్దున్నే బెల్ కొట్టి స్నానాల గురించి అలా అనకుండా ఉండాల్సింది. తప్పు మాదే" అన్నారు. ఆ వాక్యం వెనకాల "కానీ" రాకుండా చూసుకొమ్మని మాస్టారు ముందే చెప్పి ఉంచారు. "మీరు బాధపడి ఉంటే" అని మొదలుపెట్టొద్దని కూడా.

ఒప్పందం ఒకటే పేజీ, తెలుగులో. ఎవరు, ఏ పని, ఏ తేదీలోపు, ఖర్చు ఎవరిది, తేదీ దాటితే ఏంటి. ట్రాప్ చుట్టూ టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేసి, టైల్స్ మళ్ళీ పెట్టకముందే ఇంకోసారి 24 గంటలు నీళ్ళు నిలిపి చూడాలి. ఖర్చు ఓనరుది. టైల్స్ పెట్టేశాక పరీక్ష చేస్తే, తప్పు తేలినప్పుడు మళ్ళీ పగలగొట్టాలి. కిందింటి వాళ్ళు ఇల్లంతా రంగు అడిగారు, ఓనరు మరక మేరకే అన్నారు. చివరికి ఆ గోడ మూల నుంచి మూల వరకు అని కుదిరింది, ముక్క రంగు ఎలాగూ కలవదు కాబట్టి. అద్దెవాళ్ళ అడ్వాన్సులో ఈ పని పేరుతో రూపాయి కోయకూడదన్న లైను టీచరమ్మ గారు పట్టుబట్టి రాయించారు.

రంగు వెంటనే వేయకూడదన్నది కూడా కాగితంలో ఉంది. తడి గోడకి రంగు వేస్తే పొంగుతుంది, "లీకేజీ ఆగలేదు" అని రెండో గొడవ మొదలవుతుంది. ఆరు వారాలు ఆరనివ్వాలి. తర్వాత అడుగున్నర చదరం పాలిథీన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచాలి. పొద్దున లోపల చెమట పడితే ఇంకా ఆగాలి.

ఇది కుదరకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళమని కొందరు అడిగారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, హెల్ప్‌లైన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మన కాగితానికి ఆ బలం లేదు, అది ఇద్దరికీ చెప్పే సంతకాలు పెట్టించారు. బిల్డర్ని అడగొచ్చు కదా అంటే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో పని లోపాలకి గడువు ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్ళు. మన బిల్డింగుకి అది ఎప్పుడో దాటింది.

మాస్టారూ, టీచరమ్మ గారూ, మీ రెండు శనివారాలు, ఒక ఆదివారం మాకిచ్చారు. మేస్త్రీ, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక చేసిన పరీక్ష కూలి వద్దన్నావు గానీ సంఘం నిధి నుంచి ఇస్తున్నాం, తీసుకోవాలి. పెన్సిల్ గీత గోడ మీద ఇంకా ఉంది, తడి మాత్రం దానికి జానెడు లోపలికి వెళ్ళిపోయింది. ఒప్పందం నమూనా, పేర్లు తీసేసి, వాచ్‌మన్ గదిలో ఫైల్లో పెట్టాం. కావలసినవాళ్ళు జిరాక్స్ తీసుకుని ఒరిజినల్ అక్కడే పెట్టేయండి.