పిస్టన్ ఆర్డర్ పెట్టే ముందు

చిన్నతల్లీ,

నీ పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు విప్పి నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. పై సిలిండర్ పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నిలువుగా లోతైన గీతలు పడ్డాయి, రింగు ఒకటి గాడిలోనే బిగుసుకుపోయింది. కింది పిస్టన్ చూడ్డానికి బాగానే ఉంది. "ఈ మోటారుకి సరిపోతుంది" అని రాసి ఉన్న కిట్ దొరికింది, ఆర్డర్ పెట్టేయనా అన్నావు. ఇప్పుడే వద్దమ్మా. ఏ సైజు కావాలో తేల్చే కొలత ఇంకా నీ చేతిలో లేదు.

మోటారు పేరో, హార్స్‌పవరో చూసి పిస్టన్ కొనడానికి లేదు. జాన్సన్, ఎవిన్రూడ్ కంపెనీల 9.9 హార్స్‌పవర్ మోటార్ల సంగతే చూడు. 1974 నుంచి 1992 దాకా వచ్చిన వాటి బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 2.188 అంగుళాలు, అంటే సుమారు 55.6 మిల్లీమీటర్లు. 1993 నుంచి ఇంజను పెద్దదైంది, బోరు 2.375 అంగుళాలకు పెరిగింది. కవరు మీద మాత్రం రెండింటికీ 9.9 అనే ఉంటుంది. ఇటు చూస్తే ఆ పాత 9.9కీ, అప్పటి 15 హార్స్‌పవర్ మోటారుకీ బోరు ఒకటే, ముఖ్యమైన తేడా కార్బురేటర్లో ఉంది. కాబట్టి ముందు మోడల్ నంబరు పట్టుకో. పడవకి బిగించే బ్రాకెట్ మీద ప్లేటు ఉంటుంది. అయితే పాత మోటార్లకి మధ్యలో ఎవరో పవర్‌హెడ్ (పైనుండే ఇంజను భాగం) మార్చేసి ఉండడం మామూలే, అప్పుడు ప్లేటు ఒక మోటారుది, లోపలి బ్లాకు ఇంకో మోటారుది అవుతుంది. బ్లాకు మీదా, తీసిన పిస్టన్ లోపలి వైపూ అచ్చుపడిన నంబర్లు కూడా రాసుకో. పాత పిస్టన్‌ని పారేయకు, పని పూర్తయ్యేదాకా దానికి మించిన ఆధారం నీ దగ్గర ఇంకొకటి ఉండదు.

బోరు సంగతి. గోడకి అంటుకున్న బూడిదరంగు మరక అంతా గీత కాదు. పిస్టన్ అల్యూమినియం కరిగి ఇనుప లైనరుకి పూతలా అంటుకుంటుంది, చూస్తే సిలిండర్ పోయిందనిపిస్తుంది. మెషిన్ షాపులో ఆ పూత తీయించి, ఆ తర్వాతే కొలవాలి. పైన, మధ్యలో, కింద, ఒక్కో చోటా రెండు దిక్కుల్లో, సిలిండరుకి ఆరు కొలతలు. పైకీ కిందకీ తేడా ఉంటే బోరు కోసుగా అరిగిందని, అడ్డానికీ నిలువుకీ తేడా ఉంటే గుండ్రం పోయిందని అర్థం. మాన్యువల్లో ఇచ్చిన పరిమితి లోపలే ఉంటే హోనింగ్ (గోడని రాళ్లతో సన్నగా రుద్దడం) చేయించి స్టాండర్డ్ సైజు వేయొచ్చు. దాటితే బోరింగ్ చేసి, అంటే సిలిండర్‌ని కోసి వెడల్పు చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేయక తప్పదు. జపాన్ మోటార్లకి ఎక్కువగా 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజులు దొరుకుతాయి. అమెరికా మోటార్లకి అంగుళాల లెక్క, 0.030 అంటే సుమారు 0.76 మిల్లీమీటర్లు. నీ బోరు లోపల క్రోమ్ పూత ఉన్న రకమైతే దారి వేరు. దాన్ని మామూలుగా బోరింగ్ చేయలేం, అందులో క్రోమ్ రింగులు అసలు వేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం ఈ వరస: పిస్టన్ ముందు చేతికి రావాలి, బోరింగ్ తర్వాత. పెట్టె మీది సైజు నమ్మి సిలిండర్ కోయించేస్తే, వచ్చిన పిస్టన్ కాస్త అటూ ఇటూ ఉంటే చేయగలిగింది ఏమీ ఉండదు. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు తల వెంట్రుక మందమంత, చిన్న టూ స్ట్రోక్ మోటార్లలో సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య. పైగా పిస్టన్ నిండు గుండ్రంగా ఉండదు, పైభాగం కిందకన్నా సన్నం. అందుకే దాన్ని స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర, గజన్ పిన్‌కి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్నుకి) అడ్డంగా, మాన్యువల్ చెప్పిన ఎత్తులోనే కొలవాలి. ఫోర్జ్‌డ్ పిస్టన్ (పోత పోయకుండా, లోహాన్ని నొక్కి చేసినది) తీసుకుంటే అది వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, సందు కూడా ఎక్కువ ఇవ్వాలి. ఎంతో ఆ తయారీదారు కాగితం మీద ఉంటుంది. పోత పిస్టన్ కొలతకి కోయించి అందులో ఫోర్జ్‌డ్ పెడితే వేడెక్కగానే పట్టేస్తుంది. నన్నడిగితే నీ మోటారుకి పోత పిస్టనే చాలు, మనం రేసులకి తిప్పడం లేదు కదా.

ఎవిన్రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అలాంటి పాత మోటార్లకి ఎక్కువగా వేరే కంపెనీల సరుకే గతి. అది చెడ్డదని కాదు, కానీ వ్యాసం ఒక్కటే కలిస్తే చాలదు. పిన్ వ్యాసం, పిన్ మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉన్న ఎత్తు, పిన్ దిమ్మెల మధ్య వెడల్పు, స్కర్టు పొడవు, దానిలోని కిటికీలు, అన్నీ పాతదాని పక్కన పెట్టి చూడాలి. టూ స్ట్రోక్‌లో పోర్టులు, అంటే సిలిండర్ గోడలో మిశ్రమం వచ్చే, పొగ పోయే దారులు, తెరిచేదీ మూసేదీ పిస్టనే. ఎత్తు కాస్త మారినా కంప్రెషన్‌తో పాటు ఆ టైమింగ్ కూడా మారిపోతుంది. ఇక రింగు గాడిలో ఉండే చిన్న మేకు! రింగు చివరలు తిరిగి పోర్టు ఎదురుగా రాకుండా ఆపేది అదే. వేరే మోటారు పిస్టన్ సైజు సరిగ్గా కలిసినా, మేకు ఇంకోచోట ఉంటే రింగు చివర పోర్టులో తగులుకుని విరుగుతుంది. తల మీద గట్టులాంటి డిఫ్లెక్టర్ ఉన్న పిస్టన్ అయితే దాని స్థానంలో చదునుది వేయకూడదు. బిగించేటప్పుడు నిటారుగా ఉన్న వైపు ఇన్‌టేక్‌కి, వాలుగా ఉన్న వైపు ఎగ్జాస్ట్‌కి రావాలి.

ఒక్క సిలిండరుకే ఓవర్‌సైజు వేయొచ్చా అన్నావు. మాన్యువల్ ఒప్పుకుంటే వేయొచ్చు, కానీ పిన్నూ రింగులతో సహా రెండు పిస్టన్లూ తూచి చూడు. బరువులో తేడా ఉంటే మోటారు వణుకుతుంది.

రింగులూ, పిన్ క్లిప్పులూ కొత్తవే వేయాలి. బోరింగ్ అయ్యాక పోర్టు అంచులు కత్తిలా మిగులుతాయి, వాటిని వాలుగా రుద్దమని మెషిన్ షాపులో గట్టిగా చెప్పు. తర్వాత సిలిండర్‌ని సబ్బూ వేడినీళ్లతో కడిగి, ఆరగానే నూనె రాయి.

ఇంకొక్క మాట, నాకు టెన్షన్ అంతా దీని గురించే. ఆ పై పిస్టన్ ఎందుకు పోయింది? కార్బురేటర్ జెట్ మూసుకుపోయి మిశ్రమం పలచబడిందా, నీళ్ల పంపు ఇంపెల్లర్ అరిగి ఇంజను వేడెక్కిందా, క్రాంక్ సీలు దగ్గర గాలి లాగుతోందా, పెట్రోల్‌లో ఆయిల్ తగ్గిందా? అది తేలకుండా మోటారు బిగించకు. లేకపోతే కొత్తదీ ఆ దారే పడుతుంది.

ఈ వారంలో రెండు సిలిండర్ల కొలతలూ, పిస్టన్ లోపలి నంబరు ఫోటో పంపు. ఆ కిట్ అమ్మే ఆయన్ని పిన్ వ్యాసం, తల ఎత్తు, పోతదా ఫోర్జ్‌డా అని అడుగు. చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గర వెతుకుదాం.

ప్రేమతో,
నాన్న