మీ మారిషస్ ప్యాకేజీలో వినిపించిన చెరకు తోటల కథ మీద నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి, ఆ టూర్ ఆడియో రాయించిన వాళ్లెవరో వాళ్లకి కూడా,

నమస్కారం అండి. మీ మారిషస్ హెరిటేజ్ ప్యాకేజీలో మా అమ్మనీ మా పెదనాన్ననీ తీసుకుని ఈ మధ్యే వెళ్లొచ్చాను. హోటల్ గురించి గానీ తిండి గురించి గానీ నాకు కంప్లైంట్ ఏమీ లేదు, బస్సు డ్రైవర్ గారు కూడా పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని దించి చాలా మర్యాదగా చూసుకున్నారు. నా కంప్లైంట్ రెండు విషయాల మీద. ఒకటి, బ్రోచర్‌లో రాసిన ఆప్రవాసి ఘాట్‌కి మమ్మల్ని అసలు తీసుకెళ్లలేదు. రెండోది, నిజానికి ఇదే పెద్దది, బస్సులో వినిపించిన తెలుగు ఆడియోలోనూ ఫ్లాక్ జిల్లాలో ఆ పాత తోట బంగళా దగ్గర మా చేతికిచ్చిన కాగితంలోనూ ఒకప్పుడు ఒప్పందం మీద మన దేశం నుంచి అక్కడి చెరకు తోటలకి తీసుకెళ్లిన కూలీల బతుకు గురించి రాసింది తప్పు, చాలా పెద్ద తప్పు, అది మార్చమని అడగడానికే ఇంత పొడుగు మెయిల్ రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఘాట్ సంగతి ముందు చెప్పేస్తాను. ఆ రోజు పోర్ట్ లూయీలో టైమ్ సరిపోదని చెప్పి అందర్నీ వాటర్‌ఫ్రంట్‌లో షాపింగ్‌కి వదిలేశారు. ఘాట్ అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. 1849లో కట్టిన ఇమిగ్రేషన్ డిపో అది, అప్పటి నుంచి ఓడ దిగిన ప్రతి కూలీ ఆ మెట్లెక్కే లోపలికి వెళ్లి పేరూ నంబరూ రాయించుకుని తోటలకి పంపకం అయ్యేవాడు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా పెట్టారు. మా పెదనాన్న ఈ ట్రిప్‌కి ఒప్పుకున్నదే ఆ మెట్లు చూడ్డానికి. మాది విజయనగరం వైపు, మా ఇంట్లో పాతకాలంలో ఒకాయన మిరిచి దేశం (అంటే మారిషస్సే) వెళ్లి తిరిగి రాలేదని చెప్పుకుంటారు, అంతకుమించి మాకేం తెలీదు. ఆ ఘాట్ చూపించే ఖర్చు ప్యాకేజీలో కలిపే తీసుకున్నారు కదా, మరి చూపించకపోతే ఎలాగండి.

ఇప్పుడు ఆడియో. అందులో ఒక లైను నేను అక్కడే ఫోన్‌లో రాసుకున్నాను, "కూలీలకి ఇల్లు, బియ్యం, వైద్యం అన్నీ ఉచితంగా ఇచ్చి తోటల యజమానులు సొంత బిడ్డల్లా చూసుకున్నారు" అని. బస్సులో ఉన్నదంతా తెలుగు వాళ్లమే, పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లంతా అదే నిజం అనుకుని ఇంటికి వెళ్లిపోయారు.

ఉచితం అన్నారే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు గానీ అది ఉచితం కాదండి, జీతంలో భాగం. మొదట్లో వెళ్లిన మగ కూలీకి నెలకి 5 రూపాయలు, దాంతోపాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె లాంటి రేషనూ కాసిని బట్టలూ ఇస్తామని ఒప్పందంలోనే రాసుకున్నారు. అంటే వాడి కష్టానికి కట్టాల్సిన ధరని సగం డబ్బుగా సగం తిండిగా విడగొట్టారు, అంతే. ఆ డబ్బైనా నెల నెలా చేతికొచ్చేదా అంటే అదీ లేదు, నెలల తరబడి బాకీ పెట్టేవాళ్లు, బాకీ ఉంది కాబట్టి మనిషి తోట వదిలి పోలేడు. పైగా డబుల్ కట్ అని ఒక పద్ధతి, ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. జ్వరమొచ్చి పడుకున్నా పనికి రాలేదనే రాసే సర్దార్లు (కూలీల మీద ఉండే మేస్త్రీలు) ఉన్నప్పుడు నెలాఖరుకి ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ఈ కోత గురించి, ఈ బాకీల గురించి మీ ఆడియోలో ఒక్క ముక్క కూడా లేదు, బంగళాలో పింగాణీ ప్లేట్లు ఏ దేశం నుంచి తెప్పించారో మాత్రం చాలాసేపు చెప్పారు.

ఇల్లు అంటారా, తోట పక్కన క్యాంపుల్లో గడ్డీ చెరకాకూ కప్పిన గుడిసెలు. తుపాను వస్తే ముందు పోయేవి అవే. 1892 ఏప్రిల్‌లో వచ్చిన తుపాను వెయ్యి మందికి పైనే పొట్టన పెట్టుకుంది. వైద్యం సంగతి కూడా చెప్తాను, తోటల్లో ఆసుపత్రి పెట్టాలని చట్టం ఉండేది నిజమే, కానీ 1872లో లండన్ నుంచి వచ్చిన రాయల్ కమిషనే ఆ ఆసుపత్రులు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో తన రిపోర్టులో రాసింది. 1867లో మలేరియా వచ్చినప్పుడు దీవిలో వేల వేల మంది చచ్చిపోయారు. ఇవన్నీ తెల్లదొరల కాగితాల్లోనే ఉన్న విషయాలండి, నేను కల్పించి చెప్పేవి కాదు.

ఇంకో సంగతి, మన వాళ్లు "మంచి జీవితం వెతుక్కుంటూ సాహసంగా సముద్రం దాటారు" అని ఆడియో మొదట్లోనే వస్తుంది. కొంతమంది అలా వెళ్లి ఉండొచ్చు, కాదనను. కానీ 1830ల్లో మన తీరం ఎలా ఉందో ఒక్క మాట చెప్పాల్సింది. 1832-33లో నందన కరువు, దాన్నే డొక్కల కరువు అని కూడా అంటారు, గుంటూరు వైపు ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయిపోయిన కరువది. ఆ తర్వాత రెండేళ్లకే అక్కడ మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, 1835 ఫిబ్రవరి 1న. బానిసల్ని పోగొట్టుకున్నందుకు యజమానులకి బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర దగ్గర 20 లక్షల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది, బానిసలుగా బతికిన ఆఫ్రికా, మడగాస్కర్ వాళ్లకి మాత్రం ఏమీ ఇవ్వలేదు, ఇంకా కొన్నేళ్లు అప్రెంటిస్‌లన్న పేరుతో అక్కడే చాకిరీ చేయించుకున్నారు. తోటలకి చవక కూలీలు కావాలి, ఇక్కడ ఆకలితో ఉన్న జనం ఉన్నారు, మధ్యలో కమిషన్ తినే దళారులు ఉన్నారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మందితో మొదలైంది, 1910లో ఆగేలోపు సుమారు నాలుగున్నర లక్షల మందిని దించారు. మన గోదావరి, విశాఖ, గంజాం వైపు వాళ్లు మొదట్లో కోరంగి రేవు నుంచి, తర్వాత మద్రాసు నుంచి వెళ్లారు. 1850లు వచ్చేసరికి బ్రిటిష్ వాళ్ల చక్కెర కాలనీల్లో ఆ చిన్న దీవే ముందుంది. ఆ చక్కెరతోనే మీరు మమ్మల్ని చూడమన్న బంగళా వరండా కట్టారు.

ఒప్పందం అయిదేళ్లు అయిపోయాక మనిషి స్వేచ్ఛగా ఉండేవాడనుకుంటే అదీ లేదు. 1850ల మొదట్లోనే ఉచితంగా తిరిగి పంపించడం ఆపేశారు, సొంత డబ్బుతో వెళ్లాలంటే జీతమంతా కోతల్లో పోయినవాడు ఎక్కడి నుంచి తెస్తాడు. 1867లో ఒక చట్టం తెచ్చి పాత కూలీలందరూ ఫోటో అతికించిన టికెట్టూ పోలీసు పాసూ ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోవాలన్నారు. పాస్ లేకుండా పక్క జిల్లాలో దొరికితే దిమ్మరి కింద లెక్కగట్టి అరెస్టు. ఫ్లాక్‌లో ఉన్నవాడు పెళ్లికో చావుకో పాంప్లమూస్ వెళ్లాలన్నా భయపడాలి, కూరగాయలు పండించి అమ్ముకుని సొంతంగా బతుకుతున్నవాడైనా సరే మళ్లీ తోటలో ఒప్పందం రాస్తేనే ప్రశాంతంగా ఉండనిచ్చేవాళ్లు. అసలు ఉద్దేశమే అది. వాళ్ల ఫోటోలూ రికార్డులూ ఇప్పటికీ మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉన్నాయి.

దీన్ని వాళ్లు నోరు మూసుకుని భరించలేదు, అది కూడా చెప్పాలి. 1871లో పాత కూలీలు గవర్నర్‌కి అర్జీ పెట్టారు, 9,401 మంది సంతకాలతో. అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అని తనూ ఒక తోట చూసుకునే మనిషే, ఆయన ఆ అర్జీ రాయడానికి సాయం చేశాడు. దానికి తోటల యజమానులు ఆయన్ని దీవి నుంచి వెళ్లగొట్టమని గొడవ చేశారు, పోర్ట్ లూయీ వీధిలో ఆయన మీద చెయ్యి కూడా చేసుకున్నారు. ఆ అర్జీ వల్లే నేను పైన చెప్పిన రాయల్ కమిషన్ వచ్చింది. చదువు రాని కూలీలు అన్ని వేల మంది పోలీసు భయం ఉండి కూడా గుర్తులు పెట్టి ఒక కాగితం మీదకి వచ్చారంటే, అది మన తెలుగు పిల్లలు బస్సులో వినాల్సిన కథ కాదా అండి?

మధ్యలో ఒక చోట బస్సు ఆపి చెరకు పొలాల్లో నల్లరాళ్ల గుట్టలు చూపించి "ఎవరు కట్టారో అంతుపట్టని మారిషస్ పిరమిడ్లు" అని ఆడియోలో వేశారు, అందరూ దిగి సెల్ఫీలు తీసుకున్నారు. అవి పొలాల్లో నుంచి ఏరి పేర్చిన రాళ్లు. దీవంతా అగ్నిపర్వతం రాయి కాబట్టి చెరకు నాటాలంటే ముందు రాళ్లు తీయాలి, తరాల తరబడి కూలీలు చేతుల్తో మోసి అలా గుట్టలు వేశారు. మా అమ్మ ఊళ్లో పొలం పని చేసిన మనిషి, ఆవిడ చూడగానే "ఇవి ఏరిన రాళ్లురా" అంది. మీ స్క్రిప్ట్ రాసినవాళ్లు అక్కడ ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు.

తర్వాత కాలం గురించి కూడా ఆడియో ఏమీ చెప్పలేదు, 1910లో అంతా సుఖాంతం అయిపోయినట్టు ఆపేశారు. 1880ల నుంచి యజమానులు నష్టాల్లో పనికిరాని భూములు ముక్కలుగా అమ్మడం మొదలుపెడితే దాచుకున్న డబ్బుతో మన వాళ్లు కొని చిన్న రైతులయ్యారు, ఊళ్లు వచ్చాయి, గుళ్లు వచ్చాయి. కానీ చెరకు ఆడించాలంటే మళ్లీ పెద్ద మిల్లు దగ్గరికే వెళ్లాలి, తూకం వాళ్లదే ధర వాళ్లదే. 1937లో చిన్న రైతులు వేసే ఊబా రకం చెరకు ధర 15 శాతం తగ్గించేశారు, దాంతో గొడవలు లేచి ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ తోట దగ్గర కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. మనం వెళ్లిన జిల్లాలోనే. ఆ తోట యజమానులది కూడా భారతీయ మూలాలున్న కుటుంబమే, అందుకని ఇది తెల్లవాళ్లని తిట్టడానికి చెప్తున్న కథ కాదు, మిల్లు చేతిలో ఉన్నవాడికీ చెరకు కొట్టేవాడికీ మధ్య సంగతి. 1943 సెప్టెంబర్ 27న బెల్ వ్యూ హారెల్ తోటలో కూలి పెంచమని సమ్మె చేసిన వాళ్ల మీద పోలీసులు కాల్చారు, అంజలై కూపెన్ అనే గర్భిణి చనిపోయింది. ఇప్పుడు అక్కడి స్టేడియానికి ఆవిడ పేరే పెట్టారు. మన బస్సు ఆ స్టేడియం ముందు నుంచే వెళ్లింది, ఆడియోలో అప్పుడు బీచ్ హోటళ్ల గురించి వస్తోంది.

మన భాష వాళ్ల సంగతైనా చెప్పారా అంటే అదీ లేదు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు, 1946 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది, రామభజనలు చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, మన సింహాద్రి అప్పన్నకి పూజలు చేస్తారు. అన్ని కోతల మధ్య, ఆ గుడిసెల్లో ఉండి పిల్లలకి అప్పన్న పేరు నేర్పించుకున్నారండి వాళ్లు. ఒక గుడి దగ్గర కలిసిన పెద్దావిడ మా అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడి క్రియోల్ భాషలో ఏదో చెప్తూ మధ్యలో "అమ్మా" అంటూనే ఉంది. అది మీ ప్యాకేజీలో లేదు, ఫ్రీ టైమ్‌లో మేమే వెతుక్కుని వెళ్లాం.

నేను కోరేది ఇదీ. ఘాట్ చూపించనందుకు మా ముగ్గురికీ ఆ వంతు డబ్బు వెనక్కి ఇవ్వండి, కూపన్ వద్దు. ఇకముందు వెళ్లే గ్రూపులకి షాపింగ్ తగ్గించైనా సరే ఘాట్ తప్పకుండా చూపించండి, పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ అంత దూరం రాలేరు. "ఉచితంగా", "సొంత బిడ్డల్లా" అన్న ఆ భాగం ఆడియోలో నుంచీ కాగితంలో నుంచీ వెంటనే తీసేసి జీతం ఎంత, కోత ఎలా, పాస్ ఏంటి, అర్జీ ఎవరు పెట్టారు అనేవి పెట్టండి, రాళ్ల గుట్టల దగ్గర నిజం చెప్పండి. బంగళా చూపించొద్దని నేను అనట్లేదు, చూపించండి, కానీ దాని వెనక క్యాంపు ఎక్కడుండేదో కూడా చూపించండి. కొత్త స్క్రిప్ట్ అచ్చుకి పోయే ముందు మారిషస్‌లో ఉన్న తెలుగు సంఘాల వాళ్లకి గానీ ఘాట్ మ్యూజియం వాళ్లకి గానీ ఒకసారి చూపించి సరిచేయించుకోండి, డబ్బు పెద్దగా ఖర్చయ్యే పని కాదు.

ఇదే విషయం టూర్ మేనేజర్‌తో అక్కడే చెప్తే "సర్, హాలిడేకి వచ్చి ఈ బాధలెందుకు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, మీరిచ్చిన కాగితమే కదా అతను చదివేది, అతని మీద యాక్షన్ ఏమీ తీసుకోవద్దు. జవాబు మాత్రం కంప్యూటర్ పంపే థాంక్యూ మెయిల్ కాకుండా స్క్రిప్ట్ మార్చే అధికారం ఉన్న మనిషి దగ్గర నుంచి రావాలి. బుకింగ్ రసీదు, ఘాట్ పేరున్న బ్రోచర్ పేజీ, బంగళా దగ్గర ఇచ్చిన కాగితం ఫోటో, మూడూ ఈ మెయిల్‌కి జత చేశాను.

ఇట్లు,
మీ ప్యాకేజీలో వచ్చిన కస్టమర్,
విజయనగరం