ఫిబ్రవరి నుంచి అమ్మిన లిథియం ప్యాకులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను

కాశీబుగ్గ షాపులో ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సోలార్ లైట్ల సెట్టు కొన్న 58 ఇళ్ల వారికి ఈ మాట. సెట్టుతో ఇచ్చిన నీలం రంగు లిథియం బ్యాటరీ ప్యాకు మంచిది కాదు. మీ ఇంటికే వచ్చి అది తీసేసి వేరే బ్యాటరీ పెడతాను. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ప్యానెల్, ఛార్జింగ్ చూసుకునే కంట్రోలర్, మూడు బల్బులు బాగానే ఉన్నాయి.

ఎలా జరిగిందో కూడా మీకు తెలియాలి. ఎందుకంటే మొదటి తప్పు నాదే.

మే నెలలో మందస వైపు నుంచి ఒక మామ్మ ఫోన్ చేసింది. "బావూ, నీ లైటు నా మనవడి కంటే ముందే పడుకుండిపోతంది" అంది. సాయంత్రం ఆరింటికి వేస్తే తొమ్మిది దాటగానే ఆరిపోతోందట. జీడితోట దుమ్ము ప్యానెల్ మీద పేరుకుని ఉంటుంది, తుడిపించమని చెప్పాను. మూడు వారాలు ఆ పిల్లాడు రోజూ పొద్దున్నే పెంకుటిల్లు ఎక్కి తడిగుడ్డతో ప్యానెల్ తుడిచాడు. తర్వాత ఇంకో 16 మంది ఫోన్ చేశారు. వాళ్లలో చాలామందికి కూడా అదే మాట చెప్పాను. నా సరుకులో లోపం ఉంటుందని నాకు తట్టనే లేదు.

జూన్ ఆఖర్లో మామ్మ ఇంటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ వైర్లు విప్పి మీటరు పెడితే 20 వోల్టులు దాటింది. 12 వోల్టుల బ్యాటరీకి పెట్టే 50 వాట్ల ప్యానెల్ ఎండలో అలాగే చూపించాలి. అద్దంలా మెరుస్తోంది కూడా. ఆ పిల్లాడి ముఖం చూడలేకపోయాను. ప్యాకు ఊడదీసి షాపుకి తెచ్చి, నిండా ఛార్జి చేసి, ఖాళీ చేస్తూ కొలిచే టెస్టరుకి తగిలించాను. మీద 12 ఏహెచ్ అని రాసి ఉంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే లెక్క. నాలుగు దగ్గర ఆగిపోయింది. మళ్లీ నింపి పెట్టాను. మళ్లీ నాలుగే.

అప్పుడు నీలం తొడుగు కోశాను. లోపల ఎనిమిది సెల్స్. సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ అతికించిన చోట, దాని అంచుల పక్కన సానపట్టిన గీతలు కనిపించాయి. వేలితో రాస్తే గరుగ్గా తగిలాయి. ఎక్కడో వాడేసిన సెల్స్‌కి పాత పట్టీలు పీకి, గీకి, కొత్త తొడుగు వేసి పంపారన్నమాట. సరుకు దిగిన రోజు నేను ప్యాకులు తూచాను, వోల్టేజి చూశాను. రెండూ సరిపోయాయి. వాడేసిన సెల్ బరువు తగ్గదు, ఛార్జి చేసి పంపితే వోల్టేజి కూడా కొత్తదానిలాగే చూపిస్తుంది. తగ్గేది అది పట్టే కరెంటు. అది తెలియాలంటే నిండా నింపి, పూర్తిగా ఖాళీ చేసి కొలవాలి. ఒక్కో ప్యాకుకి రోజు రోజంతా పడుతుంది. సరుకు పంపినవాడు పాత పరిచయం కదా అని ఆ పని చెయ్యలేదు.

లైట్లు మెల్లగా మసకబారకుండా ఠక్కున ఎందుకు ఆరిపోతున్నాయని చాలామంది అడిగారు. ఆ ఎనిమిది సెల్స్ రెండేసి చొప్పున నాలుగు జతలు. నలుగురు పల్లకీ మోస్తున్నట్టు అనుకోండి. ఒక జత చతికిలబడితే, మిగతా మూడింటిలో ఓపిక ఉన్నా లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, మొత్తాన్ని ఆపేస్తుంది. అది ఆపడం మంచిదే, లేకపోతే ఆ జత పూర్తిగా చచ్చిపోతుంది.

సరుకు పంపిన మనిషి పేరు రాయను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, స్తంభాలు విరిగి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాతే నేను ఈ వ్యాపారం మొదలుపెట్టాను. నా దగ్గర డబ్బు లేనప్పుడు మొదటి పాతిక సెట్లు అప్పు మీద పంపింది ఇతనే. ఆ కృతజ్ఞత ఇన్నేళ్లూ ఉంచుకున్నాను. ఇప్పుడు ఫోన్ చేస్తే మొదట "లాట్‌లో ఒకటీ అరా అలా వస్తాయి అన్నా" అన్నాడు. ఫొటోలు పంపాను. "మీవాళ్లు ఫ్యాన్లు తగిలించి ఉంటారు" అన్నాడు. మీ మీద ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఆఖరికి "కంప్లైంట్ వచ్చిన 17 పంపండి, వచ్చే లాట్‌లో సర్దుతాను. మిగతావి కదపకండి, ఎవరికీ తెలీదు" అన్నాడు.

నిజమే, మిగతా 41 ఇళ్లలో ఎవరికీ తెలీదు. వాళ్లకి కరెంటు ఉంది, ఎప్పుడైనా పోతే గంటో రెండు గంటలో ఈ లైట్లు వేసుకుంటారు. ఆ మాత్రానికి నాలుగు ఏహెచ్ కూడా చాలుతుంది. ఇంట్లో లెక్కలు చూసేది మా ఆవిడ. అడిగిన వాళ్లకి ఇప్పుడు మార్చి, మిగతావాళ్లకి సంక్రాంతి తర్వాత చూద్దామంది. ఆమె అన్నదీ సబబే, అందరికీ మారిస్తే బ్యాంకులో ఉన్నదంతా దాదాపు అయిపోతుంది. పది రోజులు తేల్చుకోలేకపోయాను. కానీ మన తీరానికి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లోనే. ఆ 41 ఇళ్ల వాళ్లు తమ బ్యాటరీ సంగతి తెలుసుకునేది తుపాను రాత్రే. తిత్లీ నాడు మా ఇంట్లో ఎగిరిన రేకు చప్పుడు తప్ప ఏదీ తెలియని చీకటి నాకు గుర్తుంది. సంక్రాంతి దాకా ఆగడం నా వల్ల కాలేదు. మా ఆవిడ ఇంకేమీ అనకుండా చెక్కుబుక్కు తెచ్చి ఇచ్చింది.

ఆ మనిషి సర్దుబాటు నాకు అక్కర్లేదు. ఈ షాపులోకి అతని సరుకు ఇంక రాదు.

కొత్తగా పెడుతున్నది లిథియం కాదు, 12 వోల్టుల 40 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ, అంటే ఇన్వర్టర్లకి పెట్టే లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ. పాతకాలం సరుకు ఇస్తున్నాడని కొందరు అనుకోవచ్చు. బరువే, నీళ్లు పొయ్యాలి కూడా. కానీ దాన్ని నేను ఏళ్ల తరబడి చూశాను, నెల రోజుల్లో మోసం చెయ్యదు. మూడు బల్బులు 15 వాట్లు, రాత్రికి ఆరు గంటలంటే 90 వాట్ అవర్లు. ఈ బ్యాటరీలో, 12ని 40తో గుణిస్తే, మొత్తం 480 ఉంటుంది. సగం కంటే ఎక్కువ వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 240 అనుకుందాం. రెండు రోజులు ఎండ మొహం చూడకపోయినా లైట్లకి ఢోకా లేదు. సొంతంగా ఫ్యాన్ మాత్రం తగిలించకండి, అంత వాడకానికి ఈ ప్యానెల్ బ్యాటరీని నింపలేదు.

డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు, కుండ నీళ్లు పొయ్యకండి. మొదటి సీసా నేనే ఇస్తాను. మంచం కింద, పొయ్యి పక్కన పెట్టొద్దు. ఛార్జి అవుతున్నప్పుడు గ్యాస్ వస్తుంది, గాలి ఆడాలి. లిథియానికి, దీనికి ఛార్జింగ్ లెక్క వేరు కాబట్టి కంట్రోలర్ సెట్టింగ్ నేనే మారుస్తాను, మీరు బటన్లు నొక్కకండి.

మళ్లీ లిథియం అమ్ముతాను, కాదనను. ప్రతి ప్యాకూ షాపులో నింపి, ఖాళీ చేసి, వచ్చిన అంకె దాని మీద నా చేత్తో రాశాకే. అందుకని ఆర్డరిచ్చిన వారం రోజులకి గానీ చేతికి రాదు. ఆగలేనన్న వాళ్లని ఆపను.

ఈ వారం మందస, వజ్రపుకొత్తూరు. వచ్చే వారం సోంపేట, కవిటి. ఊరికి వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తాను. బిల్లు, గ్యారంటీ కార్డు పోయినా ఫర్వాలేదు, మీ పేరు నా పుస్తకంలో ఉంది. ఈలోగా ప్యానెల్ తుడవమని పిల్లల్ని పైకి ఎక్కించకండి. వానలు పడుతున్నాయి, పెంకులు జారతాయి. నిచ్చెన నేనే తెచ్చుకుంటాను.