ముందు నీ పోపు డబ్బా చూసుకో

చిట్టితల్లీ,

బాల్కనీలో పెంచుకోవడానికి విత్తనాల కిట్ తెప్పించానన్నావు. బేసిల్, థైమ్, రోజ్‌మేరీ అని చదువుతుంటే అడగాలనిపించింది, ఫోన్‌లో బాగుండదని ఊరుకున్నాను. అవి దేంట్లో వేస్తావమ్మా? మీరు ఎప్పుడో పిజ్జా తింటారు, అదీ బయటి నుంచి తెప్పించుకుని. నీ వంటింట్లో రోజూ పడేవి కరివేపాకు, కొత్తిమీర, పుదీనా. చోటు ముందు వాటికివ్వు. వాడని మొక్కకి నీళ్లు పోయడం కూడా గుర్తుండదు.

కొత్తిమీరకి వేరే విత్తనాలు కొనక్కర్లేదు. డబ్బాలో ధనియాలు మరీ పాతవి కాకపోతే చాలు. వేయించినవి మాత్రం మొలవవు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కాబట్టి చపాతీ కర్రతో మెల్లగా నలిపి బద్దలు చెయ్యి, పిండి చేయకు. రాత్రంతా నానబెట్టి, చల్లి, పైన పల్చగా మట్టి కప్పు. మొలకకి పది రోజులు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే. ఈలోగా కెలికి చూడకు, నీకా అలవాటుంది. ఒక కుండీలోంచి పీకి ఇంకోదాంట్లో నాటితే దాని వేరు ఓర్చుకోదు. సగం కుండీలో ఇవాళ చల్లితే, మిగతా సగంలో పదిహేను రోజులు ఆగి చల్లు. ఇక్కడ రాజమండ్రిలో ఎండలు ముదిరాయంటే కొత్తిమీర ఆకు వేయకుండా పూతకొచ్చేస్తుంది. బెంగళూరు చల్లన కనుక నీకా బాధ తక్కువ. పూతకొచ్చినా పీకేయకు. పచ్చి ధనియాలు నాలుగు నలిపి చారులో వేసి చూడు.

పుదీనా సంగతి చెప్పడానికేం లేదు. బజారు కట్టలో ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లు వస్తాయి. దానికి విడి కుండీ కావాలి, లేకపోతే పక్క మొక్కని బతకనివ్వదు.

కరివేపాకు మొక్క ఈసారి వచ్చేటప్పుడు కడియం నర్సరీ నుంచి నేనే తెస్తాను. దానికి లోతైన కుండీ, అడుగున చిల్లు ఉండాలి. మొదటి ఏడాది దాని జోలికి ఎక్కువ పోవద్దు. కోసేటప్పుడు ఆకులు దూయకుండా చివర కొమ్మ తుంచు, పక్కనుంచి కొత్త కొమ్మలు వస్తాయి. పుల్ల మజ్జిగ పోయమని మీ అమ్మ చెప్తుంది. ఆవిడతో వాదించడం నా వల్ల కాదు, నీళ్లు కలిపి పల్చగా పొయ్యి. ఆకు మీద కాకి రెట్టలాంటిది కనిపిస్తే ఒకసారి కర్రపుల్లతో కదిపి చూడు. అది సీతాకోకచిలుక పిల్ల పురుగు. నిమ్మ, కరివేపాకు దానికిష్టం. లేత మొక్కయితే రెండు పురుగులే బోడి చేసేస్తాయి. వేరే చోట వదిలెయ్యి, మందు కొట్టకు. ఆ ఆకు మనమే తింటాం.

కొత్తిమీర చేతికందాక మొదట చేయాల్సింది వంకాయ కొత్తిమీర కారం. లేత వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వెయ్యి. కొత్తిమీర కాడలతో సహా, పచ్చిమిర్చి, అల్లం, ఉప్పు కలిపి నూరుకో. వాసనంతా కాడల్లోనే ఉంటుంది, నువ్వు వాటిని చెత్తబుట్టలో పడేయడం నేను చూశాను. మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు వేసి, వంకాయ ముక్కలు మూతపెట్టి మగ్గనివ్వు. నీళ్లు పోయకు. ముక్క మెత్తబడ్డాకే నూరిన ముద్ద కలిపి, పచ్చివాసన పోగానే దించెయ్యి. ఇంకాసేపు ఉంచావంటే రంగూ పోతుంది, వాసనా పోతుంది. అల్లుడుగారు కారం తక్కువ తింటారు కదా, మిర్చి చూసి వెయ్యి.

ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటే బాల్కనీలోకి ఎండ ఎన్నింటికొచ్చి ఎన్నింటికి పోతుందో చూసి చెప్పు. నాలుగు గంటలైనా రాకపోతే కరివేపాకు అక్కడ ఎదగదు, అంతదూరం మోసుకురావడం దండగ. అప్పుడు పుదీనాతో సరిపెట్టుకుందువుగాని.

మీ నాన్న