తీసేయాలంటే ఎంత పని?

సంపాదకులకు,

ప్రోగ్రామింగ్ భాషలకు కొత్త సౌకర్యాలు జోడించే ఓపెన్ సోర్స్ లైబ్రరీలను పోలుస్తూ మీరు వేసిన పట్టిక చూశాను. దేనిలో ఏమున్నాయో టిక్కులు పెట్టి బాగానే చూపించారు. రోజూ జావా రాసుకునే నాకు మాత్రం ఒక గడి తక్కువైంది: రేపు ఆ లైబ్రరీని తీసేయాలంటే ఎంత పని?

తేదీలు, సమయాల కోసం వాడే జావా లైబ్రరీ జోడా-టైమ్‌నే తీసుకోండి. జావా పాత క్యాలెండర్ క్లాసులో జనవరి అంటే సున్నా, డిసెంబరు అంటే పదకొండు. ఆ గోల పడలేక చాలామంది జోడాకి మారారు. 2014లో జావా 8 కొత్త తేదీల ప్యాకేజీతో వచ్చింది. జోడా రాసిన స్టీఫెన్ కోల్‌బోర్న్ దాని రూపకల్పనలోనూ ముందున్నారు. ఇక అటు మారిపొమ్మని జోడా ప్రాజెక్టే చెప్పేసింది! మామూలు క్లాసులు, మెథడ్లే కాబట్టి మార్చడం విసుగు పుట్టిస్తుందేమో గానీ భయపెట్టదు. సీ ప్లస్ ప్లస్‌లో బూస్ట్ అనే లైబ్రరీల సముదాయంలోని షేర్డ్ పాయింటర్ కూడా ఇలాగే ఆ భాష 2011 ప్రమాణంలో చేరిపోయింది.

జావాలో పదే పదే రాయాల్సిన కోడ్‌ను తనే పుట్టించే లైబ్రరీ లాంబాక్ సంగతి వేరు. క్లాసు పైన డేటా అనే యానొటేషన్ (ఒక గుర్తు) ఒక్కటి పెడితే విలువలు చదివే గెటర్లు, మార్చే సెటర్లు, పోల్చే ఈక్వల్స్, అక్షరాల్లో చూపే టూస్ట్రింగ్ అన్నీ కంపైలయ్యేటప్పుడు పుట్టుకొస్తాయి. ఫైల్లో మాత్రం ఒక్కటీ కనపడదు. ఆర్డర్ క్లాసులో ఐటమ్‌ల జాబితా, ఐటమ్‌లో తిరిగి ఆర్డర్ ఉండి, రెంటికీ అదే యానొటేషన్ తగిలించారనుకోండి. లాగ్‌లో ఆర్డర్‌ని ప్రింట్ చేయగానే ఒకదాని టూస్ట్రింగ్ ఇంకోదాన్ని పిలుస్తూ పోయి, చివరికి పిలుపుల మెమరీ నిండిపోయి స్టాక్ ఓవర్‌ఫ్లో. తప్పు ఏ లైన్లో ఉందని వెతకాలి? ఆ లైనే ఎవరూ రాయలేదు.

పైగా ఇది కంపైలర్ లోపలి భాగాల్లో చెయ్యి పెట్టి పనిచేస్తుంది. 2021లో జావా 16 ఆ తలుపులు మూసేసరికి పాత లాంబాక్ వెర్షన్లున్న ప్రాజెక్టులు కంపైల్ కాలేదు. కొత్త వెర్షన్ వచ్చాకే తెరిపిన పడ్డాయి. అదే జావా 16లో రికార్డులు (విలువలు మారని డేటా క్లాసులు) స్థిరపడ్డాయి. విలువలు మారనక్కర్లేని చోట నేనైతే వాటినే వాడతాను. సెటర్లు కావాలంటే అవి పనికిరావు, అక్కడ లాంబాక్ సుఖం లాంబాక్‌దే.

మళ్లీ పట్టిక వేస్తే ఆ గడి కూడా కలపండి. లాంబాక్ ఎదురుగా "డీలాంబాక్ ఉంది" అని రాయడం మరవకండి. దాచిన కోడంతా మామూలు జావాగా బయటికి రాసిచ్చే పనిముట్టు అది, లాంబాక్‌తోనే వస్తుంది.

ఇట్లు,
ఒక జావా ప్రోగ్రామర్