వార్షిక నివేదిక 2024–25: లష్కర్ (సికింద్రాబాద్) చరిత్ర పనులు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పనుల వివరం సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని మన నియమావళిలో ఉంది కాబట్టి ఈ నివేదిక. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన పెద్దలకు ముందుగా నివాళి. వారిలో ఒకరు పోయే ముందు బొల్లారం పాత ఫోటోల పెట్టె మనకు అప్పగించారు. అది లేకపోతే ఈసారి ప్రదర్శనలో సగం గోడలు ఖాళీగా ఉండేవి.

ప్రదర్శన గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాది మనం గట్టిగా చేసిన పని అదే. ఆషాఢంలో, లష్కర్ బోనాలకు ముందు, స్కూలు హాల్లో పెట్టాం. విషయం నిజాం రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ దండు. ఈ కంటోన్మెంట్, అంటే దండు ఉండే ఊరు, ఎవరు కట్టారని ఊళ్లో ఎవరినడిగినా ఇంగ్లీషువాళ్లంటారు. డబ్బెవరిదని మాత్రం ఎవరూ అడగరు. మేం అక్కణ్నుంచే మొదలుపెట్టాం.

మొదటి బోర్డు మీద 1798 సెప్టెంబర్ 1 నాటి ఒప్పందం. అప్పటిదాకా నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచివాడు రేమాన్ తీర్చిదిద్దిన దండు ఉండేది. మూసారాంబాగ్‌కు పేరిచ్చిన రేమాన్ ఆయనే. ఆ మార్చిలోనే చనిపోయాడు. వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చీ రాగానే ఈ ఒప్పందం కుదిర్చాడు. ఫ్రెంచివాళ్లను పంపించెయ్యాలి, కంపెనీ పటాలాలు ఆరు హైదరాబాద్‌లో ఉంటాయి, వాటి ఖర్చు ఏడాదికి 24 లక్షల పైచిలుకు నిజాం భరించాలి. అక్టోబర్‌లో ఫ్రెంచి దండు సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడ్డారు. మరునాడు, 22న, కంపెనీ బలగాలు చుట్టుముట్టి ఆయుధాలు కింద పెట్టించాయి. పెద్ద యుద్ధమేదో జరిగిందనుకుని వచ్చిన కుర్రాళ్లు ఇక్కడ కాస్త నిరాశపడ్డారు.

జనం ఆగిపోయింది రెండో బోర్డు దగ్గర. 1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందం. దండు పెరిగింది, ఖర్చూ పెరిగింది. ఏటేటా నగదు కట్టే బదులు, మైసూరు యుద్ధాల తర్వాత 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన భూములను నిజాం కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో చాలా భాగం అలా చేతులు మారాయి. అవే దత్త మండలాలు. 1928లో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా అక్కడివాళ్లు మోసిన పేరు అది. థామస్ మన్రో కలెక్టర్‌గా వెళ్లింది ఆ భూముల శిస్తు తేల్చడానికే. గుత్తి వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డ ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి మ్యాప్ చూసి, "అయితే ఈ పరేడ్ గ్రౌండ్‌లో మా ముత్తాతల శిస్తు కూడా ఉందన్నమాట" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ పూటంతా అక్కడే నిలబడి వచ్చినవాళ్లకు తానే వివరించారు. ఆయన్ను మరునాడే సభ్యుడిగా చేర్చుకున్నాం.

ఇక్కడొక మాట. రెండు దండుల్ని ఒకటిగా కలిపెయ్యడం మనవాళ్లలోనూ ఉంది. సికింద్రాబాద్‌లో దిగింది మద్రాసు సైన్యానికి చెందిన సబ్సిడరీ ఫోర్స్. బొల్లారం కేంద్రంగా ఎదిగింది హైదరాబాద్ కంటింజెంట్. ఈ రెండోదానికి పేరు నిజాందే, జీతాలూ నిజాం ఖజానావే, హుకుం మాత్రం ఇంగ్లీషు అధికారులది. ఆ జీతాల బాకీ కింద 1853లో బీరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు ప్రాంతం) ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. దాన్ని వెనక్కి రాబట్టాలని నిజాం దివాను సాలార్‌జంగ్ 1876లో లండన్ దాకా వెళ్లాడు, పని కాలేదు. చివరికి 1902లో ఇంగ్లీషువాళ్లు ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నారు. ఒక దండుకు సీమ, ఇంకో దండుకు బీరారు. కాపలా కోసం ఇంత కట్టిన రాజ్యం ఇంకోటి ఉంటే చెప్పండి, వచ్చే ఏడాది దానికీ ఒక బోర్డు పెడదాం.

ప్రదర్శనకు జోడుగా ఆదివారం పొద్దున నడక పెట్టాం. సెయింట్ జాన్స్ చర్చి దగ్గర బయల్దేరి ఉజ్జయిని మహంకాళి గుడి దాకా. మూడో నిజాం సికందర్ జా పేరు ఈ ఊరికి 1806లో వచ్చింది. చర్చి 1813 నాటిది. గుడి కథ మొదలయ్యేదీ ఆ ఏడాది కలరాతోనే. దండులో డోలీ మోసే సూరిటి అప్పయ్య పటాలంతో పాటు ఉజ్జయిని వెళ్లి, మహమ్మారి తగ్గితే అమ్మవారిని మన ఊళ్లో నిలుపుతానని మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడని స్థల చరిత్ర. చర్చి దొరల కోసం, మొక్కు బోయీది, రెండూ దండులోంచి వచ్చినవే. ఈ ముక్క గుడి ముందు నిలబడి చెబుతుంటే, బోనాల పందిరి కడుతున్నవాళ్లు కూడా పని ఆపి విన్నారు.

ఇక సమాధుల పని. తిరుమలగిరి వైపు పాత సిమెట్రీలో రాళ్ల మీది రాతలు నకలు తీయాలని కిందటేడాది తీర్మానం చేశాం. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు బోలెడు లేచాయి. పొద్దున ఆరింటికి గేటు దగ్గర చూస్తే కోశాధికారి, నేను, ఇద్దరు డిగ్రీ పిల్లలు. ముళ్లకంప కొట్టి, నాచు మీద నీళ్లు చల్లి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, అద్దంతో ఎండను పక్కనుంచి రాయి మీదికి కొట్టిస్తే అరిగిన అక్షరాలు ఒక్కొక్కటే తేలతాయి. సుద్ద రుద్దొద్దు, ఇనుప బ్రష్ అసలు వద్దు. చదివినకొద్దీ కలరా, జ్వరం, చంటిపిల్లలు. సిపాయిల పేర్లు వెతికాం, ఒక్క రాయీ కనబడలేదు. ఇంతలో అనుమతి గడువు అయిపోయింది. పొడిగించమని పెట్టుకున్న అర్జీ ఒక కార్యాలయంలో బల్లలు మారుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ సారు మీటింగులో ఉన్నారు.

ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్‌ను తలుచుకున్నాం. 1897లో అదే రోజున దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన ఆ డాక్టరు కూడా దండు ఆసుపత్రి మనిషే. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడని చెబితే పిల్లలకు మిగతా ఉపన్యాసం కంటే అదే నచ్చింది. వాన వల్ల హాజరు పలచన. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్ కోఠీ రెసిడెన్సీ (ఇంగ్లీషు రెసిడెంటు ఉండే భవనం) మీదికి దండెత్తిన ఘట్టంపై పెట్టుకున్న సభ, వక్త రాకపోవడంతో జరగలేదు.

జమాఖర్చులు ఆడిటరు చూసి సంతకం చేశారు, ప్రతి మీ కుర్చీలో ఉంది. బోర్డుల ప్రింటింగ్ వల్ల ఖర్చు జమను దాటింది, పాత నిల్వలోంచి సర్దాం. చందా బాకీలున్నవారు ఇవాళే కట్టేస్తే కోశాధికారి సంతోషిస్తారు.

హాలు ఉచితంగా ఇచ్చిన హెడ్ మాస్టరు గారికి, మ్యాపులు గీసిన డ్రాయింగు టీచరమ్మకు, ఉర్దూ కాగితాలు చదివిపెట్టిన మౌల్వీ సాహెబ్‌కు, చర్చి తలుపు తెరిచిన ఫాదర్ గారికి, గుడి కమిటీకి, రోజూ టీ పంపి డబ్బు పుచ్చుకోని ఇరానీ హోటలు యజమానికి, మెట్లెక్కలేని పెద్దల్ని చేతులు పట్టి తీసుకొచ్చిన పిల్లలకు, రాత్రి బోర్డులకు కాపలా పడుకున్న వాచ్‌మన్ మల్లేశానికి ధన్యవాదాలు. ఎవరి పేరైనా జారిపోతే లేచి చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

వచ్చే ఏడాది నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య కుదిరిన 1947 నవంబర్ 29 యథాతథ ఒప్పందం నుంచి 1948 సెప్టెంబర్ పోలీసు చర్య వరకు బోర్డులు వేయాలని కార్యవర్గం ప్రతిపాదన. దానికి కనీసం పదిమంది పనిచేసేవాళ్లు కావాలి. గ్రూపులో బొటనవేలు లెక్కలోకి రాదు, ఇక్కడ ఉన్న రిజిస్టరులో సంతకం చెయ్యండి. సమాధుల అనుమతి కోసం ఈసారి అధ్యక్షులే స్వయంగా వెళ్లాలని కూడా తీర్మానం పెడుతున్నాను.

కార్యదర్శి పదవికి నామినేషన్లు టీ విరామం లోపు ఎన్నికల అధికారికి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి