అల్లం సోడా పులియబెట్టే కొత్తవాళ్లకి

అందరికీ నమస్కారమండి. ఇంట్లో బీరు ఎలా చేయాలని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, కాబట్టి ఆ ఊసు ఇక్కడ వద్దు. పులియబెట్టడం నేర్చుకోవాలని సరదా ఉంటే అల్లం సోడాతో మొదలుపెట్టండి.

ముందు తోడు కావాలి. రెండు కప్పుల నీళ్లలో రోజూ ఒక చెంచా అల్లం తురుము, ఒక చెంచా పంచదార వేసి కలిపి, పలుచని గుడ్డ కట్టాలి. అల్లం తొక్క తీయకండి, పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఉండేది దాని మీదే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది, కాచి చల్లార్చినవే వాడండి.

చలిదేశాల వాళ్లు చెప్పినట్టు వారం ఆగితే మన కోనసీమ ఎండల్లో కుదరదు. పొద్దున తియ్యగా ఉన్న తాటికల్లు మధ్యాహ్నానికి పులిసిపోవడం మనం చూసిందే కదా, ఇదీ అంతే. నాకు మూడో రోజుకే నురగ వచ్చింది, అంటే తోడు తయారైనట్టే. లీటరు అల్లం కషాయంలో 100 గ్రాముల పంచదార, కాస్త నిమ్మరసం కలిపి, పూర్తిగా చల్లారాక పావు కప్పు తోడు వేయండి.

గాజు సీసాలు మాత్రం వద్దండి! ఏప్రిల్‌లో నా సీసా ఒకటి లోపల గ్యాస్ ఎక్కువై రాత్రిపూట పేలి వంటగదంతా పెంకులే. పిల్లలు అక్కడ లేరు కాబట్టి సరిపోయింది, తలచుకుంటే ఇప్పటికీ భయమే. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో మూడు వేళ్ల చోటు వదిలి పోయండి. నొక్కితే గట్టిగా తగిలిందంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఎక్కువ రోజులుంటే కొద్దిగా ఆల్కహాల్ కూడా చేరుతుంది, అది పిల్లలకి ఇవ్వకండి.

అమలాపురం చుట్టుపక్కల వాళ్లెవరైనా ఆదివారం వస్తే నా తోడులోంచి కొంచెం పట్టుకెళ్లండి. చిన్న సీసా మీరే తెచ్చుకోండి.